‘దు’ చెరిగిన కాయితం

రెండువేల మూడు, జూన్ నెల. పొద్దుగాల ఆరు గంటల పది నిమిషాలు. రైలు ఆఖరి స్టేషన్ల ఆగింది. దిగింది ఇరవై నలుగురం. తలా ఒక వీపు సంచి, చుట్టిన పరుపు, ఇనుప పెట్టె. పైన మబ్బు, కాళ్ల కింద బొగ్గుపొడి. మా హవల్దారు బోర్డు చదివిండు. ఇంగ్లీషుల భద్రాచలం రోడ్ అని ఉన్నదట. భద్రాచలం వచ్చింది, గోదావరి ఒడ్డుకు నడిచి పోదాం, సామాను ఎత్తుకోండని హుకుం ఇచ్చిండు.

ఇది భద్రాచలం కాదు, కొత్తగూడెం అన్న నేను. భద్రాచలం ఇంక నలభై కిలోమీటర్లు ఉంటదన్న. అందరు నవ్విన్రు. చదువురానోడు బోర్డుకు తప్పులు దిద్దుతున్నడని ఒకడన్నడు. హవల్దారు చాయ్ బండి కాడికి పోయి గోదావరి ఏ దిక్కని అడిగిండు. చాయ్ ఆయన హవల్దారును కిందికెల్లి పైదాక చూసి, లారీల పోతే గంట పైన పడతది సాబ్ అన్నడు. హవల్దారు తిరిగొచ్చి తన చాయ్‌ల సగం నాకు పోసిండు.

రాసి ఉన్నదొకటి, ఉన్న ఊరొకటి. ఆ సంగతి ఆ పొద్దే గట్టిగ మనసుల పెట్టుకోవాల్సింది. పెట్టుకోలె. అందుకే ఇంత కథ అయింది.

నేను తుపాకి పట్టిన సిపాయిని కాదు. పటాలంల నీళ్లు మోసేటోణ్ణి. ఊర్ల నన్ను మిలిటరాయన అంటరు. నేను కాదనను. అంగి అదే, బూట్లు అవే, తిన్న కూడు అదే. బడి మొఖం చూడలె గనక ఇరవై రెండేండ్లప్పుడు ఈ కొలువుల తీసుకున్నరు. మాది ముదిగొండ దగ్గరి పల్లె. పందొమ్మిదేండ్లు మంచు కొండలల్ల, ఇసుక ఎడారిల నీళ్లు మోసి, నలభై ఒకటో ఏట మా జిల్లా అడవికే వచ్చి పడ్డ.

పోస్టు భద్రాచలం వంతెన దాటి ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. తారు రోడ్డు ముప్పై ఒకటి. మిగిలింది ఎర్రమట్టి. ఒక గుట్ట, గుట్ట నెత్తి మీద రేకుల షెడ్డు, చుట్టూ ఇసుక బస్తాలు, నాలుగు మూలల నాలుగు కాపలా బంకర్లు. అప్పుడు ఆ అడవిల గొడవలుండె. రోడ్డు మీద బస్సులు తిరగాలంటే మావోళ్లు పొద్దున్నే రోడ్డు వెంబడి నడిచి చూసి రావాలె. వాళ్లు తిరిగొచ్చేసరికి నీళ్లుండాలె. నీళ్లు కింద వాగుల. వాగు నుంచి గేటు దాక మూడు వందల పన్నెండు అంగలు. అండ్ల ఎనభై ఆరు నిట్టనిలువు. రెండు క్యాన్లు, ఒక్కోటి ఇరవై లీటర్లు, నడుమ వెదురు కావడి. పొద్దున అయిదున్నర నుంచి అయిదు ట్రిప్పులు, సాయంత్రం నాలుగింటికి మూడు. నా ముందల ఒక తుపాకి, ఎన్క ఒక తుపాకి, నా నడుముకు ఒక వాకీటాకీ. లోకంల నీళ్లకు పోతే ఇంత మర్యాద ఇంకెవ్వరికి జరిగి ఉండదు.

ఎండకాలం వాగు పారదు. ఇసుక తవ్వి చెలిమె చెయ్యాలె. మోచేతి లోతు తవ్వి కూసుంటే నీళ్లు ఊరుతయి. వాగు అవతలి గూడెం ఆడోళ్లు నేను తవ్వుడు చూసి నవ్విన్రు. ఒక ముసలామె వచ్చి, ఇక్కడ కాదు, గట్టు నీడ పడే కాడ తవ్వుమని చేతితోని చూపించింది. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. నీళ్లు ఇద్దరికి అర్థమైనయి.

మా ఇరవై నలుగురిల తెలుగు వచ్చినోళ్లం ఇద్దరమే. ఒకణ్ణి నేను. రెండోవాడు రేడియో ఆపరేటరు. ఇరవై ఆరేండ్లు ఉంటయేమో, మధిర దిక్కు మనిషి. వచ్చాడు, వెళ్లాడు, చేశానండి అని సాగదీసి మాట్లాడేటోడు. నన్ను బాబాయ్ అని పిలిచేటోడు. ఇంటినుంచి ఉత్తరం వస్తే వాడే చదివి చెప్పాలె. మా ఇంటామె తిట్టిన తిట్లు కూడ వాడి నోటితోనే వినాలె. మూడో ఉత్తరానికి వాడే అన్నడు, ఈ తిట్లు నువ్వే చదువుకో బాబాయ్, నాకు బాధగా ఉంది అని.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాక రేడియో బంకర్ల బడి. వాడు అక్షరాలు చెప్పింది రేడియో పద్ధతిల. క అంటే కొత్తగూడెం క. ఇ అంటే ఇల్లందు ఇ. మ అంటే ముదిగొండ మ. మా ఊరి దిక్కు అక్షరం వచ్చిన పొద్దు నాకు ఛాతి వెడల్పయింది. దసరాకు ఒత్తుల దాక వచ్చిన. కూడబలుక్కుంట చదువుత, కాని చదువుత. రేషన్ బస్తా మీద, అగ్గిపెట్టె మీద, ఏది దొరికితే అది పైకి చదివేటోణ్ణి. వంటాయన ఒడియా మనిషి. నాకు ఉప్పు ప్యాకెట్ ఇచ్చి, చదివినంకనే ఇటివ్వు అనేటోడు.

కాలు సంగతి జులై నెలల మొదలైంది. పొద్దున ఆరు నలభై. సన్న వాన. రెండో ట్రిప్పు. నాచు పట్టిన రాయి మీద కుడికాలు లోపలికి మడతపడ్డది. పచ్చి మట్ట విరిచినట్టు చప్పుడైంది. క్యాన్లు రెండు దొర్లుకుంట వాగులకే పోయినయి. చీలమండ మామిడికాయంత ఉబ్బింది. మా నర్సింగ్ అసిస్టెంటును అందరం డాక్టర్ సాబ్ అనేటోళ్లం. ఆయన పట్టీ కట్టి మూడు వారాలు కదలొద్దన్నడు. ఆ మూడు వారాలు జవాన్లే వంతులేసుకొని నీళ్లు మోసిన్రు. నా విలువ అప్పుడు తెలిసింది వాళ్లకు.

మూడు వారాల తర్వాత లేచి నడిచిన. పట్టీ కట్టుకున్న, చెప్పిన కసరత్తులన్ని చేసిన. అయినా జనవరి దాక ఇంక నాలుగుసార్లు మడతపడ్డది. ఒకసారైతే రాయి లేదు, రప్ప లేదు, షెడ్డు ముందు చదును జాగల పడ్డ. నడుస్తుంటే ఆ కాలు నాది కానట్టే ఉండేది. ఆఖరుసారి వాగు దారిల పడ్డ. ఇద్దరు కాపలా జవాన్లు మోకాళ్ల మీద కూసొని, తుపాకులు అడవి దిక్కు పెట్టి, ఇరవై నిమిషాలు నన్ను కాసిన్రు. చెట్టు చాటు లేని జాగ. ఏం కాలె. కాని పైకొచ్చినంక హవల్దారు నా పక్కకు కూసొని చెప్పిండు. నీ కాలొక్కటి మడతపడితే మూడు పాణాలు ఆగిపోతయి, ఇట్ల నడవదు అని. తిట్టినా బాగుండు. నిమ్మళంగ చెప్పిండు. అది ఎక్కువ తగిలింది.

హైదరాబాదు దవాఖానాకు పంపిన్రు. అక్కడి సర్జన్‌ది మన దిక్కే, రిటైరుకు దగ్గరబడ్డ మనిషి. మీసాలు తెలుపు, నోరు కారం. సిపాయి, సుబేదారు తేడా లేదు, అందరిని రా అనే అనేటోడు. కాలు చాపరా. పాదం ఎత్తరా. ఏడ్వకురా. నరం తెగిందా సార్ అని అడిగిన. నరం కాదురా, ఎముకకు ఎముకకు నడుమ ఉండే కట్టు అన్నడు. మీ ఇంట్ల నులక మంచం కుక్కి అయితే ఏం చేస్తవని అడిగిండు. కాళ్ల దిక్కు తాడు గుంజి బిగిస్త అన్న. నేను చేసేది గదే అన్నడు. కసరత్తు చేస్తే చానామందికి కోత అక్కర్లేకుండనే తక్కువైతదట. ఆరు నెలలు చేసినా నిలబడకపోతే అప్పుడు బిగించాలెనట. నాది నిలబడలె.

ఫిబ్రవరి మొదట్ల కోసిన్రు. చీలమండ బయటి దిక్కు, నా చూపుడు వేలంత గాటు. రెండు వారాలకు కుట్లు తీసి, మోకాలి కింది దాక పిండికట్టు వేసి, ఆరు వారాలు ఇంటికి పొమ్మన్నరు. పోయే ముందు సర్జన్ ఇంకొక మాట కూడ చెప్పిండు. జూన్‌ల మెడికల్ బోర్డు మీ పోస్టుకే వస్తది. రెండు నిండు క్యాన్లతోని గుట్ట ఎక్కితే ఉంటవు. లేకుంటే పనికిరాదు అని రాసి ఇంటికి పంపుతరు.

నాకు మనసుల అదే తిరుగుతుండె. నలభై ఏండ్లు అక్షరం రాకుండ బతికిన. ఇప్పుడే చదువుడు నేర్చుకున్న. నా గురించి సర్కారు రాసిన కాయితం నేను మొదటిసారి చదివేది పనికిరాదు అన్న మాటేనా? అది మాత్రం కావద్దు.

సర్జన్ నాకోసం జాగ్రత్తలు తెలుగులనే రాసిచ్చిండు, సొంత చేతితోని. చదివి వినిపియ్యాల్నారా అని అడిగిండు. వద్దు సార్, నాకు చదువొచ్చు అన్న. చూసిన్రా, అక్కడ ఉన్నది తప్పు. ఆ ఒక్క మాట అనకపోతే ఈ కథ లేదు.

కాయితం నాలుగు మడతలు పెట్టి అంగి జేబుల పెట్టుకున్న. ఖమ్మం దాక జనరల్ బోగిల చెమట. ఇంటికొచ్చి విప్పి కూడబలుక్కున్న. ‘ఆరు వారాలు కాలు మీద బరువు వేయరా’ అని ఉన్నది. దాని కింద, ‘ఆ తర్వాత మెల్లగా నడవాలి’ అని ఉన్నది. నాకేం అనుమానం రాలె. ఆయన గొంతే వినపడ్డది. కాలు చాపరా, పాదం ఎత్తరా, బరువు వేయరా. ముందు బరువు, తర్వాత నడక. పటాలంల గూడ అంతే గదా, ముందు సంచి వీపుకెత్తి తర్వాత నడిపిస్తరు.

మొదటి రెండు రోజులు మాటను ఉన్నది ఉన్నట్టే పట్టుకున్న. మంచం మీద పండుకొని, పిండికట్టు మీద తవుడు సంచి పెట్టుకున్న. మా ఇంటామె చూసి గుమ్మంలనే ఆగిపోయింది.

“ఏమయ్యా, అది కాలా, ఊరేసిన మిరపకాయల కుండనా?”

“డాక్టర్ రాసిండు. బరువు వెయ్యాల్నట.”

“ఆ కాయితం ఇటు తే. అంగన్‌వాడి టీచర్‌తోని చదివించుకొస్త.”

“నాకు చదువొస్తది.”

“నీకు చదువొచ్చింది, ఇంట్ల మాట వినుడు బందైంది” అనుకుంట పోయింది.

మూడో రోజు సంచి తీసేసిన. ఆలోచన చేసిన. బరువంటే తవుడు కాదు, నా ఒంటి బరువే అని అర్థం చేసుకున్న. తెలివి వచ్చిందనుకున్న. గోడ పట్టుకొని కుడికాలు మీద నిలబడ్డ. పది అంకెలు. తెల్లారి ఇరవై. నొప్పి ఉండె. మందు చేదుగ ఉండదా, ఇదీ గంతే అనుకున్న. మూడో వారానికి చంక కర్రలు మూలకు పెట్టిన. నాలుగో వారం పిండికట్టు తోనే టప్ టప్ అని చాయ్ హోటల్ దాక పోయిన. మిలిటరీ కాలు అంటే గిట్లుండాలె అని అందరు మెచ్చుకున్నరు. నేను అవ్ అవ్ అని తలూపిన.

ఆరు వారాలకు హైదరాబాదు పోయిన. సర్జన్ నా పాదం ఎత్తి పిండికట్టు అడుగు చూసిండు. అరిగిపోయి ఉన్నది. పగుళ్లల్ల నల్లరేగడి.

“ఇదేందిరా? పొలం దున్నినవా?”

“మీరు చెప్పినట్టే చేసిన సార్.”

“నేనేం చెప్పిన?”

కాయితం తీసిచ్చిన. ఆయన చదివిండు. తిప్పి చూసిండు. కిటికీ కాడికి పోయి వెలుతురుకు పెట్టి చూసిండు. ఆయన రాసింది బరువు వేయరాదు అని. మడత కాడ చెమటకు ‘దు’ చెరిగిపోయింది. మిగిలింది వేయరా.

ఆయన మొఖం ఎర్రగయింది. పిండికట్టు కోయించి ఎక్స్‌రే ఫోటో తీయించిండు. మడిమె ఒక చేత్తోని పట్టుకొని, పాదం ముందుకు గుంజి చూసిండు. పక్కకు వంచి చూసిండు. మళ్ల గుంజిండు. అప్పుడు కుర్చీల కూలబడి నవ్వుడు మొదలుపెట్టిండు. కండ్లద్దాలు తీసి తుడుచుకుంట నవ్విండు.

“నిన్ను రా అనకపోయి ఉంటే నీకీ తిప్పలు వచ్చేటియి కావురా. తప్పు నాదే.”

“కాలు పోయిందా సార్?”

“నిలబడ్డది. నీ నసీబు మంచిది. ఇంకోడైతే మళ్ల కొయ్యాల్సొచ్చేది.”

బయట దేశాలల్ల కొందరు డాక్టర్లు కొంచెం జల్దీనే నడిపిస్తున్నరని కూడ చెప్పిండు. అది వాళ్లు దగ్గరుండి, లెక్క చూసి, బూటు తొడిగి చేయించేది, చెమటకు తడిసిన కాయితం చూసి చేసేది కాదన్నడు. కొత్త కాయితం రాసిండు. పది వారాలు బరువు మోయరాదు. ‘దు’ మాత్రం నిమ్మకాయంత రాసి, కింద రెండు గీతలు కొట్టిండు. నాతోని పైకి చదివించుకొనే పంపిండు.

ఏప్రిల్‌ల పోస్టుకు తిరిగొచ్చిన. గేటు కాడ ఆపరేటరు కాయితం అడిగిండు. చెప్పక తప్పలె. వాడు విని రేడియో బంకర్ల కింద కూసొని కడుపు పట్టుకొని నవ్విండు. సాయంత్రానికల్ల పోస్టు మొత్తానికి ఎక్కింది. బిహారోళ్లు, ఒడియావోళ్లు, మలయాళపోళ్లు, ఒక్క తెలుగు ముక్క రానోళ్లు ఆ రెండు ముక్కలు నేర్చుకున్నరు. పొద్దున్నే డోలు లెక్క గ్లాసులు కొట్టుకుంట అడిగేటోళ్లు, పానీవాలా, ఇయ్యాల నీళ్లు రా నా, రాదు నా?

డాక్టర్ సాబ్ నాకు డ్యూటీ వేసిండు. రోజుకు రెండుసార్లు కుడికాలు మీద ఒంటికాలితో నిలబడుడు. మొదట కండ్లు తెరిచి, తర్వాత మూసి. కట్టు బిగించినంత మాత్రాన చాలదు, నేల ఎట్లున్నదో కాలికి మళ్ల నేర్పాలె అన్నడు. మే నెలల చుట్టిన పరుపు మీద నిలబెట్టిండు. నేను ఊగుకుంట నిలబడితే వంటాయన ఉల్లిగడ్డలు విసిరేది, నేను పట్టుకునేది. పడితే ఆ ఉల్లిగడ్డ నేనే కొయ్యాలె. మొదటి వారం పోస్టు ఉల్లిగడ్డలన్ని నేనే కోసిన. కండ్లు మండుడే మండుడు.

ఇంకొక పరీక్ష హవల్దారుది. ఆయన అడుగుల జాడలు చదివేటోడు. మనిషి ఎటు పోయిండు, ఎంత మోసిండు, అలిసిండా లేదా, ఇసుక చూసి చెప్తడు. బోర్డు చదువుట్ల మోసపోయిండు గాని ఇసుకను చదువుట్ల ఎప్పుడు మోసపోలె. మే చివర్ల ఒకనాడు వాగుల నా జాడలు చూపించిండు. ఎడమది లోతు. కుడిది పైపైన. నేను కుంటుడు ఎవరికి కనపడకుండ దాచుకుంటున్న అప్పుడు. నొప్పి లేదని అందరికి చెప్తున్న. ఆయన వంగి కుడి జాడల వేలు పెట్టి చూసిండు.

“నీ నోరు ఒకటి చెప్తున్నది, కాలు ఇంకొకటి చెప్తున్నది. మెడికల్ బోర్డోళ్లు నీ నోరు వినడానికి రారు.”

ఆ పొద్దు నుంచి దాచుడు మానేసిన. నొప్పి ఉన్ననాడు ఉన్నదని డాక్టర్ సాబ్‌కు చెప్పిన. రోజు సాయంత్రం అయిదింటికి బూట్లిడిసి ఇసుకల ఇరవై నిమిషాలు నడుచుడు. నడిచి ఎన్కకు తిరిగి చూసుకునుడు. కుడిది పైపైన. తెల్లారి మళ్ల. కుడిది కొంచెం లోతు. నా జీవితంల నేను రోజు చదివిన పుస్తకం ఏదన్న ఉంటే ఆ ఇసుకే.

జూన్ నడుమ బోర్డు వచ్చింది. ఆ ఏడు వానలు లేటు. ఎండ మస్తు. పదకొండు గంటలకు జీపు దిగిన్రు, ఒక కమాండెంటు, ఇద్దరు డాక్టర్లు. గొడుగులు పట్టుకొని గేటు కాడ నిలబడ్డరు. నేను కిందికి దిగి రెండు క్యాన్లు చెలిమెల నింపిన. నిండ నింపినవా, సగమా అని ఒక డాక్టర్ మూత తీసి చూసిండు, అంత కిందికి దిగొచ్చి మరీ. కావడి భుజానికెత్తిన. పోస్టోళ్లంత ఇసుక బస్తాల మీదికెల్లి చూస్తున్నరు. ఎవరు కూతలు పెట్టలె. నీళ్లు రా నా అని ఎవరు అడగలె. అదే నాకు భయమైంది.

రెండు వందల ఇరవై ఆరు అంగలు సాఫ్‌గ పోయిన. నిట్టనిలువు మొదలైంది. లెక్కపెట్టుకుంట ఎక్కిన. నలభై. యాభై. అరవై ఒకటో అంగకు కుడికాలు కింద రాయి కదిలింది. పాదం లోపలికి తిరగబోయింది. ఆ చప్పుడు కోసం నా చెవి ఎదురుచూసింది, పచ్చి మట్ట విరిగే చప్పుడు. రాలె. మంచం తాడు బిర్రుగ గుంజినట్టు అయింది, అంతే. కాలు తనంతట తనే సర్దుకొని రాయి మీద కూసుంది. క్యాన్లల్ల నీళ్లు అటొకసారి, ఇటొకసారి ఊగినయి. అరవై రెండు అన్న. పైకే అన్ననట. ఎన్కొచ్చే జవాన్ తర్వాత చెప్పిండు.

గేటు దాటి క్యాన్లు దించిన. కమాండెంటు ఒక గ్లాసు నీళ్లు అడిగి తాగిండు. జీపెక్కి పోయిన్రు. కాయితం సాయంత్రం రేడియోల చెప్తమన్నరు.

సాయంత్రం నాలుగు ఇరవై. నేను వాగుల ఉన్న. బూట్లు గట్టు మీద, నేను చెలిమె కాడ. నడుముకున్న వాకీటాకీ గురగురమన్నది.

“గుట్ట నుంచి వాగుకు. బాబాయ్, వింటున్నావా? ఓవర్.”

“వింటున్న. చెప్పు. ఓవర్.”

“బోర్డు కాయితం వచ్చింది. తెలుగులో చెబుతున్నా. పనికిరా...”

గురగుర తప్ప ఇంకేం లేదు. చేతిల ఉన్న క్యాను చేతిలనే ఉన్నది. కాపలా జవాన్లు ఇద్దరు నా మొఖం చూస్తున్నరు.

“తర్వాత ఏందిరా? ఓవర్.”

“తర్వాత ఏమీ లేదు బాబాయ్. ‘దు’ లేదు. మళ్లీ చెబుతున్నా, దకు కొమ్మిస్తే వచ్చే దు లేదు. పనికి రా. నీళ్లు తీసుకుని రా. ఓవర్.”

పైన గుట్ట మీద గ్లాసుల మోత మొదలైంది. వాగు దాక వినపడ్డది. అవతలి గట్టున గూడెం ఆడోళ్లు కుండలు దించి చూసిన్రు, వీళ్లకేమైందని. నేను కింద ఇసుకల చూసిన. ఏం చూసిన్నో ఆఖర్న చెప్త.

ఆ పోస్టుల ఇంక ఏడాదిన్నర ఉన్న. రోజుకు ఎనిమిది ట్రిప్పులు మోసిన. కాలు ఒక్కసారి గూడ మడతపడలె. అక్కడికెల్లి వేరే రాష్ట్రం పోయిన, అక్కడ గూడ మోసిన. తర్వాత కొలువు అయిపోయి ఊరికొచ్చిన. ఆపరేటరు ఇప్పటికి ఫోన్ చేస్తడు. హలో అనడు. రా నా, రాదా అంటడు.

ఇరవై ఏండ్లు దాటింది. మా వాడకట్ల అంగన్‌వాడి టీచర్, అప్పటామె కాదు, ఇప్పటామె, మొన్న బస్సు దిగుతుంటే కాలు మడతపడ్డది. ఇది నాలుగోసారట. పెద్దనాయనా, ఆపరేషన్ అంటున్నరు, ఇన్నేండ్లకు మీ కాలు ఎట్లున్నది, నిజం చెప్పుమని అడిగింది. ఆమెకు చెప్పిందే మీకు చెప్తున్న.

కాలు నిలబడ్డది. చెలక గట్ల మీద నడుస్త, సైకిల్ తొక్కుత, బస్తా మోస్త. కొత్త కాలు మాత్రం కాదు. ముసురు పట్టినప్పుడు లోపల సన్నగ గుంజుతది. పొద్దున మంచం దిగినంక మొదటి పది అంగలు బిర్రుగ ఉంటయి, పదకొండోదానికి వదులుతది. గొంతుక్కూసుంటే కుడి మడిమె వేలెడంత పైకి లేస్తది, ఎడమది ఆనుతది. గాటు కింద చిటికెన వేలు దిక్కు రూపాయి బిళ్లంత జాగ మొద్దు. చీమ కుట్టినా తెల్వదు. అది లాభమే అనుకుంట. రెండువేల తొమ్మిదిల ఖమ్మం బస్టాండుల మెట్టు తప్పి గట్టిగ తిరగబోయింది. రెండు రోజులు నొప్పి ఉండె, వాపు లేదు. అంతే.

పోస్టుల ఉల్లిగడ్డలు విసిరిన వంటాయనకు గూడ తర్వాత కాలు మడతపడ్డది. ఆయన కోయించుకోలె. పట్టీ, కసరత్తు, ఒంటికాలు నిలబడుడు, ఆరు నెలలల్ల బాగయింది. ఇప్పటికి బాగనే నడుస్తున్నడట. అందుకని టీచరమ్మకు చెప్పిన, ముందు కసరత్తు మనసుపెట్టి చెయ్యి బిడ్డా, అప్పటికి నిలబడకపోతే అప్పుడు కోతకు భయపడకు. కోసినంక గూడ ఒంటికాలు కసరత్తు తప్పదు. నేను ఇప్పటికి పండ్లు తోముకుంట కుడికాలు మీద నిలబడుత. మా ఇంటామె కొంగ నిలబడ్డదంటది. నిలబడనీ.

నేను చేసినట్టు మాత్రం చెయ్యకుండ్రి. నా నసీబు మీ నసీబు ఒకటి కాదు. డాక్టర్ రాసిచ్చిన కాయితం ఆయన ముందలనే పైకి చదువుండ్రి. ఎంత చదువొచ్చినా సరే.

ఆ సాయంత్రం ఇసుకల చూసింది చెప్తనన్న గదా. రేడియోల ‘దు’ లేదన్న మాట విని నేను రెండు అంగలు ఎన్కకు జరిగిన. చెలిమె పక్కన తడి ఇసుకల నా ఉత్త పాదాలు రెండు దిగి ఉన్నయి. ఒకటి కుడిది, ఒకటి ఎడమది. రెంటి అడుగుకెల్లి నీళ్లు ఊరుతున్నయి. ముందు మడిమెల కాడ, తర్వాత వేళ్ల కాడ. ఏది ముందు నిండుతదా అని చూసిన. రెండు ఒక్కసారే నిండినయి.